సినిమా ఖైదీ ఇచ్చిన మాట

కొండగట్టు మలుపు కాడ బస్సు ఆగింది. మంగళవారం. మాల వేసుకున్న స్వాములు కొబ్బరికాయల సంచులు పట్టుకొని ఒక్కొక్కరు దిగుతుంటె, నేను మెట్ల పక్కన నిలబడి ముసలోళ్లకు చెయ్యి అందిస్తున్న. అప్పుడు ఫోన్ మోగింది. చిన్నప్పుడు నాతోని చదువుకున్న దోస్తు.

"డ్రిల్ సార్ పోయిండే," అన్నది.

"ఎక్కడికి?" అని అడిగిన.

ఆమె ఏడ్చింది. అప్పుడు నాకు సంగతి ఎరుకైంది. పొద్దుగాల చాయ్ తాగి, వాకిట్ల కుర్చీ వేసుకొని, బూట్లు తొడుక్కుందామని వంగి, అట్లనే పక్కకు ఒరిగిండట. ఒక బూటు కాలికి ఉందట, ఇంకోటి చేతుల.

డ్రైవరన్న అద్దంల నన్ను చూసి, "ఏమైందమ్మా?" అన్నడు. "ఏం లేదన్నా, పోనియ్యి," అన్న. ఆ మాట ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. ఆదిలాబాద్ దాక టిక్కెట్లు కొడుతనే ఉన్న. జగిత్యాల వచ్చింది, పోయింది. నిర్మల్ వచ్చింది, పోయింది. కిటికీల అవుతల పొలాలు, మామిడితోటలు, సిమెంటు దుకాణాలు అన్నీ నీళ్లల్ల కనబడ్డట్టు ఊగుకుంట ఎనుకకు పోతుంటె, వాటి నడుమ మా బడి గ్రౌండు ఒక్కటే కదలకుండ నిలబడి ఉంది.

మాది గోదావరి ఒడ్డున బొగ్గుబాయి కాలనీ. మా బాపులందరు బాయిల దిగేటోళ్లు. సైరన్ మోగితె సగం కాలనీ లేస్తది, సగం పండుకుంటది. చెట్ల ఆకుల మీద నల్లటి దుమ్ము. ఆరేసిన బట్టల మీద దుమ్ము. ఆ దుమ్ముల మా డ్రిల్ సార్ ఒక్కడే తెల్లటి కాన్వాస్ బూట్లు వేసుకొని తిరిగేటోడు. ఎట్ల తెల్లగ ఉంటయో మాకు పెద్ద వింత. పొడుగ్గ, సన్నగ, టేకుకట్టె తీరు ఉండేటోడు. మెడల విజిల్ ఉండేది కని ఊదేది తక్కువ. "పిట్టలు బెదురుతయ్," అని రెండు చేతులు చరిచేటోడు. గ్రౌండుల గీతలు గియ్యటానికి సున్నం లేకపోతె, బాయిలర్ బూడిద తెప్పించి దానితోనే గీసేటోడు. మేం ఆ బూడిద గీతల మీద ఉరికి, కాళ్లు తెల్లగ చేసుకొని ఇంటికి పోయి తిట్లు తినేటోళ్లం.

నేను ఉరుకుడుల ఎప్పుడు ఆఖరు. ఇది సిగ్గుపడి చెప్తలేను. ఆఖరున వచ్చుడుల నాకు ఒక సుఖం దొరికింది. అందరు గీత దాటినంక, చప్పట్లు అయిపోయినంక, గ్రౌండు ఖాళీ అయినంక నేను వచ్చేదాన్ని. సార్ అక్కడనే నిలబడి ఉండేటోడు, చేతుల స్టీలు చెంబుతోని.

"ముందొచ్చినోళ్లకు చప్పట్లు చాలు. ఎనుకొచ్చినోళ్లకు నీళ్లు కావాలె," అనేటోడు.

ఇంకో మాట గూడ అనేటోడు. "ఉరికేటప్పుడు ఎనుకకు చూడొద్దని పుస్తకాలల్ల రాస్తరు. మీరు మాత్రం జర చూడుండ్రి. ఎవడన్న పడ్డడేమో." ఆ మాట పట్టుకొని మా బడి పిల్లలు ఒకసారి కరీంనగర్ ఆటలల్ల ఓడిపోయిన్రు. పడ్డ పిల్లను లేపబట్టి. సార్ ఆ రోజు అందరికి జిలేబి తినిపిచ్చిండు.

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు, ఎండకాలం సెలవులల్ల, ఉట్నూరు దిక్కు అడవిల సినిమా తీసేటోళ్లు దిగిన్రు. ఖైదీలను తీస్కపోయే బండి ఘాటు మీదికెళ్లి లోయల పడుతది. నలుగురు ఖైదీలు సంకెళ్లతోని అడవిల పడి ఉరుకుతరు. పోలీసులు తుపాకులు పట్టుకొని ఎంబడి పడుతరు. సినిమా అంతా గదే, ఉరుకుడు, కాల్చుడు. పట్నం నుంచి వచ్చిన యాక్టర్లు ఆ రాళ్లల్ల, ఆ ఎండల ఉరకలేక కూలబడుతుంటె, బాగ ఉరికేటోడు ఎవరన్న ఉన్నడా అని మేనేజర్ అడుక్కుంట అడుక్కుంట మా కాలనీ దాక వచ్చిండు. అందరు సార్ ఇంటినే చూపిచ్చిన్రు.

సార్ భార్యను మేం అమ్మ అనేటోళ్లం. ఆమె గడపల నిలబడి, "ఈ వయసుల దొంగ ఏషం ఎందుకయ్యా నీకు?" అన్నది.

"ఏషం వాళ్లది. ఉరుకుడు నాది," అని సార్ నవ్వుకుంట జీపు ఎక్కిండు.

తర్వాత జరిగింది సార్ మాకు వానాకాలంల చెప్పిండు. గ్రౌండుల నీళ్లు నిలబడి డ్రిల్లు లేని రోజులల్ల, కిటికీ పక్కన టేబుల్ మీద కూసొని చెప్పేటోడు. వాన పడుతుంటె ఆయన గొంతు ఎక్కడనో దూరం నుంచి వచ్చినట్టు ఉండేది. మేం ఎన్నిసార్లు అడిగినా చెప్పేటోడు. ఒక్కోసారి ఒక్కో తీరు. ఒకసారి గుట్ట పెద్దగ ఉండేది, ఇంకోసారి వాగు పెద్దగ ఉండేది. కని ఆ కథల ఒక అవ్వ ఉండేది, ఆమె మాత్రం ఎప్పుడు ఒక్క తీరే ఉండేది.

సార్‌కు తెల్లటి ముతక అంగి, పైజామా ఇచ్చిన్రు. ఛాతి మీద నంబరు. ఎడమ చేతికి బేడీలు వేసి, రెండో కడెం కిందికి ఏలాడేసిన్రు. అది నకిలీ కాదు, అసలు ఇనుముదే. ఎండిపోయిన వాగు దాటాలె, గుట్ట ఎక్కాలె, అవుతలికి మాయం కావాలె. షాటు అంతే. కెమెరా పక్కన నిలబడ్డ అబ్బాయి, "విజిల్ వేసేదాకా ఆగొద్దు మాస్టారూ," అన్నడు.

సార్ ఉరికిండు.

"ఎండకు టేకాకులన్నీ రాలి ఉన్నయ్ బిడ్డా," అని చెప్పేటోడు. "నేను అడుగేస్తె ఆ చప్పుడు నా ఎనుక ఇంకో పదిమంది ఉరికొస్తున్నట్టు ఉండె. గుట్ట ఎక్కిన, దిగిన. విజిల్ ఏసిన్రో, ఏస్తె గాలి మింగిందో తెల్వదు. నాకు ఇనబడలే. గాలి నీళ్లోలె ఊగుతుండె. కాళ్లు నావి అనిపియ్యలే. ఎవరి కాళ్లో ఉరుకుతున్నయ్, నేను మీద కూసున్న. ఎప్పుడో ఒకసారి నిలబడి చూస్తె, గుట్ట లేదు. వాగు లేదు. కెమెరా లేదు. అడవి ఉంది, నేనున్న."

పొద్దు వాలేదాక తిరిగిండు. నాలుక ఎండి, కాళ్లు కొట్టుకపోయి, ఆఖరికి ఒక గూడెం కనబడ్డది. ఎర్రమట్టితోని అలికిన కొన్ని ఇండ్లు. కుక్కలు మొరిగినయ్. పిల్లలు ఉరికిన్రు. ఒక్కొక్క ఇంటి తలుపు టప్ టప్ మని మూసుకున్నది. ఒక ఇంటి కప్పు మీద గడ్డి కప్పుతున్న మనిషి చేతులు ఆపి కిందికి చూసిండు. ఆ ఇంటి గడపల ఒక ముసలవ్వ కూసొని ఉంది. ఆమె మాత్రం లేవలే.

"అవ్వా, నీళ్లు," అన్నడు సార్.

ఆమె అంగి చూసింది. నంబరు చూసింది. ఏలాడుతున్న బేడీ చూసింది. "ఉరికొచ్చినవా?" అన్నది.

"కాదవ్వా. నేను ఖైదీని కాదు. సినిమా. గుట్ట అవుతల షూటింగ్ అయితుంది..."

"మంచిదే తియ్. జేవ్, ముందు జేవ్."

ఆ దిక్కు మనుషుల మాటల్ల మరాఠీ కలుస్తది. తిను అన్నది ఆమె. జొన్న గటక, ఉల్లిగడ్డ, ఇంత కారం తెచ్చి ముంగట పెట్టింది. సార్ తింటున్నంతసేపు సినిమా అంటె ఏందో చెప్పిండట. ఆమె "ఊఁ, ఊఁ" అనుకుంటనే నూనె తెచ్చి, బేడీ ఒరుసుకొని చర్మం లేచిన కాడ రాసింది. జైలు నుంచి పారిపోయి వచ్చినోడు ఏదో ఒకటి చెప్తడు, పాపం, చెప్పనీ అన్నట్టు ఉండెనట ఆమె మొహం.

రాసుడు అయినంక అడిగింది. "నా కొడుకు గూడ లోపలనే ఉండె. అడవి కేసు. టేకుదుంగ దొరికిందని ఇద్దరిని పట్కపోయిన్రు. తోటోడు ఎప్పుడో తిరిగొచ్చిండు. గాడే, ఇంటి మీద గడ్డి కప్పుతుండు సూడు. మావోడు రాలే. నీకేమన్న కనబడ్డడా?"

సార్ గిన్నె కింద పెట్టిండు. "లేదవ్వా," అన్నడు.

"దొర్కుతవ్ బిడ్డా," అన్నది ఆమె, ఓదార్చినట్టు. "ఉరికినోళ్లు అందరు దొర్కుతరు. మళ్ల లోపల ఏస్తరు గద, అప్పుడు జర అడుగు. కనబడితె చెప్పు, మీ అవ్వ దర్వాజకు గొళ్లెం పెడ్తలేదని చెప్పు. ఏ యాళకు వచ్చినా నూకితె తెర్సుకుంటది."

సార్ ఆమె మొహం చూసిండు. నేను డ్రిల్ మాస్టర్‌ను, జైలు గేటు గూడ చూడనోన్ని అని ఇంకోసారి చెప్పొచ్చు. చెప్పలే.

"చెప్త అవ్వా," అన్నడు.

తెల్లారినంక జీపు వచ్చింది. జీపు నిండ ఖాకీ బట్టలు. నిజం పోలీసులు కాదు, సినిమా పోలీసులు. పొద్దుగాల షాటుకు తయారై ఉన్నోళ్లు, సార్ తప్పిపోయిండని పరేషానై ఆ ఏషాలతోనే దేవులాడ వచ్చిన్రు. అవ్వ కట్టె పట్టుకొని వాళ్లకు అడ్డం నిలబడ్డది.

"అంబలి తాగుతుండు. తాగనియ్యుండ్రి. తాగినంక తీస్కపోండ్రి."

ఇనస్పెక్టర్ ఏషం కట్టినాయనకు ఇంత పెద్ద మీసాలు. ఆయన ఏమనుకున్నడో, టోపి తీసి చేతుల పట్టుకొని, వాకిట్ల గొంతుకూసున్నడు. ఆయనను చూసి మిగిలినోళ్లు గూడ కూసున్నరు. సార్ అంబలి తాగేదాక ఒక్కడు లేవలే. బేడీల తాళంచెవి షూటింగ్ కాడనే మరిచి వచ్చిన్రు. అందుకే సార్ బేడీలతోనే జీపు ఎక్కిండు. అవ్వ జీపు ఎంబడి నాలుగడుగులు నడిచి, కొడుకు పేరు మళ్ల చెప్పి, "నా మాట యాది పెట్టుకో," అన్నది.

మొదట్ల మేం ఈ కథకు పడీపడీ నవ్వేటోళ్లం. సినిమా పోలీసులు గొంతుకూసున్న కాడికి రాంగనే క్లాసంతా గొల్లుమనేది. సార్ గూడ నవ్వేటోడు. ఆఖరుకు మాత్రం నవ్వేటోడు కాదు. కిటికీల నుంచి వానను చూసేటోడు.

"తర్వాత ఏమైంది సార్?" అని అడిగేటోళ్లం.

"ఇంకా కాలే బిడ్డా," అనేటోడు.

సినిమా మా ఊరి టాకీస్‌కు వచ్చినప్పుడు కాలనీ కాలనీ పోయింది. గుట్ట అంచు మీద, ఆకాశానికి ఆనుకొని ఒక తెల్లటి మనిషి ఉరుకుతడు. చీమంత. రెప్ప కొట్టేంతసేపు. ఆ మనిషే సార్ అని మాకు తప్ప ప్రపంచంల ఎవ్వరికి తెల్వదు. మేం ఏసిన ఈలలకు టాకీస్ కప్పు ఎగిరిపోవాలె. ఆ ఖైదీని ఆఖరుకు పోలీసులు కాల్చి చంపుతరు. అది చూసి అమ్మ కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. సార్ ఆమె భుజం తట్టి, "నేను గుట్ట దాటినంక చచ్చింది యాక్టరే. నేను అవ్వ ఇంట్ల అన్నం తింటున్న," అన్నడు. ఆ సినిమా ఎక్కువ రోజులు ఆడలే. ఇప్పుడు దాని పేరు చెప్పినా ఎవరికి యాది రాదు.

సార్ మాత్రం ఆ సినిమాలకెళ్లి బయటికి రాలే. అమ్మ నాకు తర్వాత చెప్పింది. "ఇంట్ల ఉప్పు తెమ్మంటె మరిచేటోడు. ఆ ముసలామె మాట మాత్రం మరవలే. మాట ఇచ్చింది ఖైదీ గదయ్యా, నీకెందుకు ఫికర్ అంటె, ఖైదీకి తీరిక లేదు, నన్ను పంపిండు అనేటోడు."

ముందుగాల ఒక జైలు గేటు కాడికి పోయిండు. గేటు కాడ ఉన్నాయన, "నీకేమైతడు?" అని అడిగిండట. చుట్టమా అంటె కాదు. దోస్తా అంటె కాదు. సార్ ఆఖరుకు, "తోటి ఖైదీ అనుకోండ్రి," అన్నడు. వాళ్లు నవ్వి, కూసోబెట్టి, సంగతంతా విని, చాయ్ తాపిచ్చిన్రు. కని అక్కడ ఆ మనిషి లేడు. ఎన్నడో విడుదలైండట. రాళ్ల పనికి పోయే గుంపుతోని కరీంనగర్ దిక్కు పోయిండని ఒక ముసలి జవాను చెప్పిండు.

మరి విడుదలైనోడు ఇంటికెందుకు పోలే? అదే సార్‌కు అర్థం కాలే. గూడేనికి పోయి అవ్వకు ఈ సంగతన్న చెప్పొచ్చు గద అని అమ్మ అన్నది. "కొడుకు బయటనే ఉండి రాలేదని ఏ మొహం పెట్టుకొని చెప్పాలె? మాట మోసుకపోయినోడు జవాబు లేకుండ పోవద్దు," అన్నడట.

ఏటేటా మా బడి పిల్లలను ఆటలకు కరీంనగర్ తీస్కపోయేటోడు. పిల్లలు అన్నాలు తినే యాళకు సార్ కనబడేటోడు కాదు. ఊరవుతల గ్రానైట్ కోసే జాగల పొంటి తిరిగేటోడు. ఆ మిషన్ల చప్పుడుల మనిషి మాట మనిషికి ఇనబడది. ఒక్కొక్కని దగ్గరికి పోయి చెవుల నోరు పెట్టి అడగాలె. అట్ల అడిగి అడిగి ఏండ్లు పోయినయ్. నేను బడి దాటిన, కాలేజి దాటిన, పెండ్లి చేసుకున్న, కండక్టర్ కొలువుల చేరిన. సార్ జుట్టు తెల్లబడ్డది. దొరికిండా సార్ అని మేం అడుగుడు గూడ మానేసినం.

దొరికిండు.

ఒక చాయ్ బండి ఆమె చెప్పిందట, పండుగకు పబ్బానికి ఊరికి పోనోడు ఒకడు ఉన్నడని. సార్ పోయేవరకు ఆ మనిషి రాయికి నునుపు పెడుతుండు. తల నుంచి కాళ్ల దాక తెల్లటి రాతిపొడి. కండ్లు ఒక్కటే నల్లగ ఉన్నయ్. సార్ దగ్గరికి పోయి చెవుల చెప్పిండు. "మీ అవ్వ దర్వాజకు గొళ్లెం పెడ్తలేదట. ఏ యాళకు వచ్చినా నూకితె తెర్సుకుంటదట."

ఆ మనిషి మిషన్ బంద్ చేసిండు. చుట్టూ మిగిలిన మిషన్లన్నీ నడుస్తనే ఉన్నయట కని సార్‌కు మాత్రం లోకమంతా చప్పుడు ఆగినట్టు అనిపిచ్చిందట.

"నువ్వెవలు?" అన్నడు ఆ మనిషి.

"ఎన్నడో మీ ఇంట్ల గటక తిన్న."

అతను రానన్నడు. సార్ మళ్ల పోయిండు. మళ్ల రానన్నడు. ఎందుకు రాడో మూడోసారికో నాలుగోసారికో చెప్పిండు. టేకుదుంగ మోసింది అతనొక్కడే. దెబ్బలకు ఓర్వలేక, ఎంబడి ఎవడున్నడంటె, తన దోస్తు పేరు చెప్పిండు. ఏ తప్పు చేయనోడు తనతోని జైలుకు వచ్చిండు. "వాని మొహం ఎట్ల చూడాలె సార్? ఆ గూడెంల నాకు ఇంక ఇల్లు లేదు."

సార్‌కు అప్పుడు అర్థమైంది, ఆనాడు కప్పు మీద ఉన్న తోటోడు చెయ్యని తప్పుకు జైలుకు పోయినోడని.

"నువ్వు పేరు చెప్పినోడే ఆనాడు మీ అవ్వ ఇంటికి గడ్డి కప్పుతుండె," అన్నడు సార్. "నా కండ్లతోని చూసిన. నీ ఇల్లు కురవకుండ చూసుకుంటుండు వాడు. నువ్వేమో ఇల్లు లేదంటవ్."

ఇంక మిగిలింది నేను కండ్లార చూసిన. కరీంనగర్ బస్టాండుల నా బస్సు ఎక్కిన్రు ఇద్దరు. సార్‌ను చూసి నేను సంబరపడి దగ్గరికి పోతె, కన్నుతోనే ఆపిండు. పక్కన ఆ మనిషి సంచి ఒళ్లె పెట్టుకొని, తెల్లటి అంగి వేసుకొని, గడ్డం గీసుకొని కూసున్నడు. చెవుల ఎనుక ఇంకా రాతిపొడి ఉంది.

"ఎక్కడికి?" అన్న.

"నిర్మల్," అన్నడు ఆ మనిషి.

గూడెం నిర్మల్ దాటి చాన దూరం. నేను సార్ దిక్కు చూసిన. "నిర్మల్ దాకనే ఇయ్యి బిడ్డా," అన్నడు మెల్లగ. "అవుతల సంగతి అవుతల."

నిర్మల్ వచ్చింది. అందరు దిగుతున్నరు, ఎక్కుతున్నరు. ఆ మనిషి లేచి నిలబడ్డడు. సార్ కదలలే, పట్టుకోలే, బతిలాడలే. కిటికీల నుంచి బయటికి చూస్తుండు. నేను డ్రైవరన్నకు రైట్ చెప్పకుండ ఊకె నిలబడ్డ. అన్న అద్దంల నన్ను చూస్తుండు. ఆ మనిషి సంచి పట్టుకొని మెట్ల దాక వచ్చిండు. బయట కొయ్యబొమ్మలు అమ్మేటాయన దుకాణం తెరుస్తుండు. వాటిని జరసేపు చూసిండు. చూసి, నా దిక్కు తిరిగి, "గుడిహత్నూర్ దాక ఎంత?" అన్నడు.

టిక్కెట్ కొట్టి ఇచ్చి, డ్రైవరన్నకు రైట్ చెప్పిన.

ఘాటు ఎక్కుతుంటె సార్ నా సీటు కాడికి వచ్చిండు. ఆయన మొహంల అంత భయం నేను ఎన్నడు చూడలే. "ఇంతదాక తీస్కవచ్చిన బిడ్డా," అన్నడు. "అవ్వ ఉన్నదో లేదో." పొగమంచు కిటికీలల్లకెళ్లి లోపలికి వస్తుండె. వాళ్లు దిగి, రోడ్డు దాటి, ఆటో మాట్లాడుకునుడు దాక చూసిన. తర్వాత మంచు కమ్మింది.

తెల్లారి తిరుగు బస్సుల సార్ ఒక్కడే ఎక్కిండు. వచ్చి నా పక్కన కూసున్నడు. నేను అడగలే. ఆయనే చెప్పిండు.

అవ్వ ఉంది. కండ్లు ఆనుతలేవు. వాకిట్ల అడుగుల చప్పుడుకు, "ఎవలు?" అన్నది.

"ఆనాడు ఉరికొచ్చిన ఖైదీని అవ్వా."

"ఇడిచిపెట్టిన్రా?"

"ఇడిచిపెట్టిన్రు."

"చెయ్యి మానిందా? కడెం ఒరుసుకున్నది?"

"మానింది అవ్వా," అన్నడట సార్. కొడుకు అప్పటికే ఆమె ముంగట మోకాళ్ల మీద కూలబడి ఉన్నడు. ఆమె చేతులు చాపి మొదట వాని నెత్తి పట్టుకున్నది, తర్వాత చెవులు. చెవుల కాడ ఆ చేతులు ఆగిపోయినయ్. ఏడ్వలే. చానసేపు అట్లనే పట్టుకొని ఉంది. ఆ తర్వాత పక్కింటి దిక్కు మొహం తిప్పి, ఆ తోటోన్ని పేరు పెట్టి పిలిచింది. "రా, మనోడు వచ్చిండు. జేవ్ రా, ముగ్గురు జేవుండ్రి." తోటోడు వచ్చి, కొడుకు మొహం దిక్కు చూడకుండనే పక్కన కూసొని, తన గిన్నెలది సగం వాని గిన్నెల పెట్టిండట.

"నువ్వు ఖైదీవి కాదని ఇప్పుడన్న చెప్పినవా సార్?" అని అడిగిన.

సార్ నా దిక్కు వింతగ చూసిండు. "ఎందుకు బిడ్డా? ఆమె ఒక దొంగను ఇంట్ల కూసోబెట్టి అన్నం పెట్టింది. పోలీసులకు అడ్డం నిలబడ్డది. ఇప్పుడు పోయి, దొంగ కాదు, సార్‌కు పెట్టినవు అంటె, ఆమె చేసిన పని చిన్నగ అయితది."

ఆ తర్వాత సార్ వీలు దొరికినప్పుడల్ల గూడేనికి పోయేటోడు. నేను ఒకసారి సెలవు పెట్టి ఎంబడి పోయిన. అవ్వ నా చెయ్యి పట్టి చూసి, "ఇది గూడ ఉరికొచ్చిందా?" అని అడిగింది.

"లేదవ్వా. ఈమె బస్సుల పని చేస్తది."

"అయితె దొర్కది తియ్," అన్నది. నాకు గూడ గటక పెట్టింది. ఇంకొన్ని ఏండ్లకు ఆమె కొడుకు చేతుల మీదనే పోయింది. సార్ ఆమె పాడె మోసిండు.

నాకు ఇప్పుడు అనిపిస్తది, సార్ మాకు ఉరుకుడు నేర్పలేదని. మా బ్యాచుల ఎవ్వరు పెద్ద ఆటగాళ్లు కాలే. ఒకామె నర్సు, ఒకడు బాయిల ఫిట్టర్, ఒకడు మగ్గాల కాడ మేస్త్రి, నేను బస్సుల. కని ఎవరికన్న ఆపద వస్తె ఒకరి ఎంబడి ఒకరం వచ్చి నిలబడుతం. ఎట్ల నేర్పిండో తెల్వదు. వానాకాలంల కిటికీ పక్కన కూసొని కథ చెప్పుకుంట నేర్పిండేమో.

ఆ మంగళవారం నేను తిరుగు బస్సుల కాలనీకి చేరేవరకు సాయంత్రమైంది. గల్లీ నిండ మంది. అమ్మ నన్ను పట్టుకొని, "మీ సార్ ఎవ్వరికి చెప్పకుండ పోయిండు బిడ్డా," అని ఏడ్చింది. అవ్వ కొడుకు, ఆ తోటోడు నాకంటె ముందే వచ్చి ఉన్నరు. గూడెం నుంచి కొంత నడిచి, కొంత ఆటోల, కొంత బస్సుల. ఇద్దరు వాకిట్ల ఒక పక్కకు నిలబడ్డరు. వాళ్లెవరో కాలనీల చాన మందికి తెల్వదు. అమ్మకు తెలుసు. పాడె ఎత్తే యాళకు ఆమెనే వాళ్లను ముంగటికి పిలిచింది. గోదావరి ఒడ్డు దాక వాళ్లు భుజం మార్చలే.

పోయేటప్పుడు అవ్వ కొడుకు నాతోని, "ఒకసారి రా అక్కా. ఇప్పుడు ఇప్పపూలు రాలుతున్నయ్, సార్ ఏటా ఈ యాళకు మాతోని చెట్టు కిందికి వచ్చేటోడు," అన్నడు.

సార్ పది రోజుల కర్మ అయినంక గూడేనికి పోయిన. వాళ్లింట్లనే పండుకున్న. ఇంకా చీకటి విచ్చుకోకముందే అవ్వ కొడుకు లేపి అడవిలకు తీస్కపోయిండు. ఇప్పచెట్టు కింద నేలంతా ఊడ్చి శుభ్రంగ ఉంది. ముగ్గురం బుట్టలు పక్కన పెట్టి కూసున్నం. ఏరుదామని నేను వంగితె, "ఆగక్కా, ఇంకా పడనీ," అన్నడు తోటోడు. గాలి లేదు. కొమ్మ కదులుతలేదు. ఎక్కడనో ఒక పువ్వు పడ్డది. మెత్తటి చప్పుడు. మళ్ల ఏం లేదు. తర్వాత ఇంకోటి. ఆకాశం మెల్లగ పాలరంగుకు వస్తుంటె, తెల్లటి తడి పూలు ఒకటి తర్వాత ఒకటి, ఎవరికి ఏ తొందర లేనట్టు రాలుతనే ఉన్నయ్. తియ్యటి వాసన నేల నుంచి లేస్తుంది. ఒక పువ్వు నా మోచేతి మీద పడి, జరసేపు ఆగి, జారి, కింద ఉన్నవాటిల్ల కలిసిపోయింది. అది ఏదో నేను మళ్ల గుర్తుపట్టలేకపోయిన.